విజయనగరంలో ఒక ప్రచురణ సేవ: మా నాన్నగారి కథలు పుస్తకమైన తీరు

పుస్తకం వేయించుకోవాలనుకునే ఉత్తరాంధ్ర రచయితలకు, రచయితల వారసులకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. విజయనగరంలో గంటస్తంభానికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక మేడ మీద రెండు గదుల్లో, విజయవాడ ప్రచురణ సంస్థ ఒకదానిలో 36 ఏళ్లు పనిచేసి మేనేజరుగా విరమించిన పెద్దాయన ఒకరు పుస్తకాలు తయారుచేసి ఇస్తున్నారు. ఆ గదులకు బోర్డు లేదు, పేరు రాయడానికి ఆయన ఒప్పుకోలేదు కనుక ఇక్కడ ఆయన అనే వ్యవహరిస్తాను. ఊళ్లో పుస్తకాలతో సంబంధం ఉన్న ఎవరిని అడిగినా దారి చెబుతారు. నాకు చెప్పింది ఒక గ్రంథాలయ ఉద్యోగి.

మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ పాతికేళ్లపాటు వారపత్రికలకు కథలు రాశారు. 2003లో పోయారు. ఆయన కథలను పుస్తకంగా చూడాలన్న కోరికతో 2016లో, నా దగ్గరున్న ఎనిమిది కథలను వేరే ఊరిలోని ఒక ప్రెస్సుకు ఇచ్చాను. ఆ అనుభవం చెప్పకపోతే విజయనగరంలో నాకు దొరికిన పని విలువ తెలియదు. నాన్నగారి కథలో ఒక కంబారి, అంటే పాలేరు, తన బుగతతో, అంటే యజమానితో, 'ఉభాలయ్యేదాక గెడ్డలో నీరుంటే సాలు బాబూ' అంటాడు. వరి ఊడ్పులను మా వైపు ఉభాలంటారనీ, వాగును గెడ్డ అంటారనీ తెలియని ప్రూఫురీడరు ఉభాలను 'ఉభయులు'గానూ గెడ్డను 'గడ్డ'గానూ దిద్దారు. మరో కథలో మదుము 'తూము' అయిపోయింది. 500 ప్రతులు అచ్చయి ఇంటికి వచ్చాక గాని అది నా కంటపడలేదు. తప్పులు దిద్ది మళ్లీ వేయించుకుందామని కంపోజు చేసిన ఫైళ్లు అడిగితే ఇవ్వడం కుదరదన్నారు. ఆ కట్టల్లో చాలా భాగం ఇప్పటికీ మా అటక మీదే ఉంది. నాన్నగారి పేరు మీద నాన్నగారివి కాని మాటలు జనంలోకి వెళ్లాయన్న బాధతో ఎనిమిదేళ్లు మళ్లీ ఆ ప్రయత్నం చేయలేదు.

2024 ఫిబ్రవరిలో ఆ మేడ మెట్లు ఎక్కినప్పుడు ఎన్ని ప్రతులు కావాలనీ, ఎంత బడ్జెటనీ అడుగుతారని సిద్ధపడి వెళ్లాను. ఆయన పాత పుస్తకాన్ని పది నిమిషాలు తిరగేసి, 'అమ్మా, మీ నాన్నగారు మొత్తం ఎన్ని కథలు రాశారు?' అని అడిగారు. నాకు తెలియదు. ఎనిమిదే దొరికాయి కనుక ఎనిమిదే వేశానన్నాను. 'లెక్క తేలేదాకా ప్రెస్సు మాట ఎత్తకండి, ముందు కథానిలయానికి వెళ్లిరండి' అని నన్ను తిప్పి పంపించేశారు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో ప్రారంభించిన కథానిలయం నేనుండే ఇంటికి దూరమేమీ కాదు. అయినా అంతకుముందు ఒక్కసారీ నేను ఆ గుమ్మం తొక్కలేదు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా సేకరించి దాచాలన్న సంకల్పంతో కారా మాస్టారు పెట్టిన ఆ చోట, పాత పత్రికల్లో, మూడు వారాల వెతుకులాటలో మరో పది కథలు దొరికాయి. అందులో రెండింటిని గురించి మా అమ్మ కూడా ఎన్నడూ చెప్పలేదు. డబ్బు చేతిలో పెట్టుకుని వచ్చిన మనిషిని పనికి ముందు వెతుకులాటకు పంపించే ప్రచురణకర్తను నేను అంతకుముందు చూడలేదు. ఈ సేవలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ కట్టేది ఆ మొదటి ప్రశ్నకే.

ఆయన ఉద్యోగ జీవితం తెలిశాక ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది. 1979లో, 22 ఏళ్ల వయసులో, ఆయన చేరింది పార్సెళ్లు కట్టే విభాగంలో. అమ్ముడుపోక దుకాణాల నుంచి తిరిగి వచ్చే కట్టలను విప్పి లెక్కరాయడం అప్పట్లో ఆయన పని. ఏ పుస్తకం ఎందుకు వెనక్కి వస్తుందో అక్కడే నేర్చుకున్నానంటారు. అయిదేళ్ల తరవాత సేల్స్‌లోకి మార్చి, నమూనా ప్రతుల సంచీ ఇచ్చి, అనకాపల్లి నుంచి ఇచ్ఛాపురం దాకా, అక్కడి నుంచి పర్లాకిమిడి, బరంపురం దాకా తిప్పారట. 1992లో ఉత్పత్తి విభాగానికి వచ్చేనాటికి సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చే కంపోజింగ్ వెనకబడి, కంప్యూటరులో పేజీలు కూర్చే డీటీపీ, ఆఫ్‌సెట్ అచ్చు ముందుకు వస్తున్నాయి. పాత పద్ధతిలో కంపోజిటరు చేతి కింద గుణింతాలకూ వత్తులకూ వేర్వేరు గళ్లుండేవి, ఒక ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట, అచ్చయ్యాక ఆ అక్షరాలను విడదీసి మళ్లీ గళ్లలో వేస్తే తప్ప తరవాతి ఫారానికి అక్షరాలు చాలేవి కావు. తప్పు ఉంటే అచ్చుకు ముందే పట్టుకోవాలి, ఆ తరవాత దిద్దడానికి పేజీయే మిగలదు. 2001లో మేనేజరై, 2015లో విరమించేదాకా ఏ పుస్తకం వేయాలో, ఎన్ని వేయాలో, ఎప్పుడు వేయాలో నిర్ణయించే కుర్చీలో కూర్చున్నారు. మన ప్రాంతంలో కవులకూ కథకులకూ కొదవ లేదు గాని గోదాము నుంచి మేనేజరు గది దాకా ప్రచురణ రంగం మొత్తం నడిచివచ్చిన మనిషి సొంత ఊరికి తిరిగివచ్చి అందుబాటులో ఉండడం అరుదు. చదువుకున్న పిల్లలకు ప్రచురణ కూడా ఒక జీవనవృత్తి కాగలదని మన ఇళ్లలో ఎవరికీ తట్టదు. ఆయన ఇంట్లో కూడా పుస్తకాల కొట్టులో గుమాస్తా అనే అనుకునేవారని చెప్పారు.

కథలు పద్దెనిమిదీ చేరాక ఆయన చేసిన రెండో పని ఒప్పందం రాయడం. నాన్నగారి కథలు వేసుకోవడానికి మళ్లీ కాగితమెందుకని అనుకున్నాను. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లపాటు హక్కులు వారసులకు ఉంటాయనీ, అంటే 2063 చివరిదాకా అవి నాకూ నా ఇద్దరు తమ్ముళ్లకూ ఉమ్మడిగా చెందుతాయనీ, హక్కు బదిలీ రాతపూర్వకంగానే జరగాలనీ, బదిలీ పత్రంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా లెక్కిస్తుందనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం చేసుకుంటుందనీ ఆయన ఓపికగా వివరించారు. రెండు పేజీల ఒప్పందంలో ఆయన ఏ హక్కూ తీసుకోలేదు. తన రుసుము, పంపిణీ గడువు, ఫైళ్లు మాకే ఇవ్వాలన్న షరతు మాత్రమే ఉన్నాయి. భిలాయిలో ఉన్న పెద్ద తమ్ముడి సంతకం తపాలాలో వచ్చేదాకా పని మొదలుపెట్టలేదు. మూడు వారాలు వృథా అయ్యాయని అప్పుడు విసుక్కున్నాను గాని, మా తమ్ముడికి ఆ కాగితం చేరాకే నాన్నగారి పుస్తకంలో తనకూ భాగముందన్న తృప్తి కలిగింది.

ఇక భాష విషయం. డీటీపీకి ఇచ్చే ముందే ఆయన కథలన్నీ చదివి, మార్చకూడని మాటల పట్టిక ఒకటి తయారుచేశారు. ఉభాలు, ఎదలు, గెడ్డ, మదుము, చోళ్లు, గంటెలు, కల్లం వంటి మాటలు నూటనలభై దాకా అందులో చేరాయి. ప్రతి మాట పక్కనా నాన్నగారు రాసిన వర్ణక్రమం, అది వచ్చే కథ పేరు రాసి, ఆ పట్టికను కంపోజు చేసే అమ్మాయి బల్ల మీద అంటించారు. అసలు చిక్కు అక్కడితో తీరలేదు. నాన్నగారి నోటుపుస్తకాలు అయిదు మిగిలాయి. వాటిలోని పాఠాన్నీ పత్రికలో అచ్చయిన పాఠాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, కొన్ని కథల్లో పాత్రల సంభాషణలను ఆనాటి పత్రిక వాళ్లే కృష్ణా, గుంటూరుల వైపు మాటలోకి మళ్లించినట్లు తేలింది. రాతప్రతిలో 'సేను' అని ఉన్నది అచ్చులో 'చేను' అయింది. రాతప్రతి దొరికిన కథలకు రాతప్రతినే ప్రమాణంగా తీసుకున్నాం. దొరకని కథలను ఏం చేయాలన్న దగ్గర మా ఇద్దరికీ అభిప్రాయ భేదం వచ్చింది. వాటిని కూడా నాన్నగారి యాసలోకి మార్చేద్దామని నేను పట్టుబట్టాను. మా ఇంటి మాట నాకు తెలుసు కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. 'మీకు తెలిసినది మీ ఇంటి మాట, ఆయన ఆ కథకు ఏ మాట ఎంచుకున్నారో మీకు తెలియదు. వాళ్లు దిద్దింది తప్పయితే మనం దిద్దేదీ తప్పే' అన్నారు. చివరకు ఆ కథలను అచ్చులో ఉన్నట్లే ఉంచి, ఏ కథకు ఏ ప్రతి ఆధారమో పుస్తకం చివర ఒక పేజీలో చెప్పాం. ఆ పేజీని చూసి ఇద్దరు అధ్యాపకులు నాకు ఉత్తరాలు రాశారు. జనం మాటకు గౌరవం కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. ఆ నేల మీది కథలోని మాటను ప్రూఫులో చెరిపేయకుండా కాపాడే మనిషి దొరకడం నాకు మాటల్లో చెప్పలేనంత ఊరట.

ఖర్చుల దగ్గర దాపరికం లేదు. పని మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద లెక్క వేసి చేతికిచ్చారు. డెమీ సైజులో 208 పేజీలు, అంటే 16 పేజీల చొప్పున 13 ఫారాలు. కంపోజింగుకు 10,400, ప్రూఫులకు 4,160, ముఖచిత్రానికి 4,000, 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితం మీద 400 ప్రతుల అచ్చుకూ కుట్టు బైండింగుకూ 42,000, ఆయన రుసుము 15,000, మొత్తం 75,560 రూపాయలు. వెయ్యి వేస్తే ఒక్కో ప్రతికి అయ్యే ఖర్చు బాగా తగ్గుతుంది కదా అని అడిగితే, తగ్గేది కాగితం మీదేననీ, అమ్ముడుపోని ప్రతి ఎంత చౌకగా అచ్చయినా ఖరీదైనదేననీ అన్నారు. తిరిగొచ్చిన కట్టలు విప్పిన చేతులవి. 250 రూపాయల ధరలో దుకాణానికి 40 శాతం పోతే చేతికి వచ్చేది 150. గ్రంథాలయాలకూ సమీక్షలకూ ఇంటివాళ్లకూ 30 ప్రతులు తీసేస్తే మిగిలిన 370లో సగం నేరుగా, సగం దుకాణాల ద్వారా అమ్మినా వచ్చేది 74,000. 'అన్నీ అమ్మగలిగితే మీకు 1,560 రూపాయలు పోతాయి, అమ్మలేకపోతే అంతకన్నా ఎక్కువ పోతాయి, ఆలోచించుకుని చెప్పండమ్మా' అన్నారు. నష్టం వస్తుందని ముందే అంకెల్లో చెప్పిన మనిషికి డబ్బు ఇవ్వడానికి నేను క్షణం కూడా వెనకాడలేదు.

పేజీల లెక్కలో మాత్రం నాకు కొంచెం కష్టం కలిగింది. తొలి కూర్పు 213 పేజీలు వచ్చింది. అలాగే వేస్తే పద్నాలుగో ఫారం అవసరమై అందులో 11 పేజీలు ఖాళీగా మిగులుతాయి. అక్షరం సైజు తగ్గించడానికి ఆయన ససేమిరా అన్నారు. ఈ కథలు చదివేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లేనన్నది ఆయన అంచనా. తగ్గించవలసింది నా ముందుమాటేనని తేల్చారు. తొమ్మిది పేజీలు రాసుకున్నాను, నాలుగు మిగిలాయి. నాన్నగారి అంత్యదినాల గురించి రాసిన భాగం పోయింది. ఇప్పుడు చదివితే కథలకు అడ్డం రాకుండా ఆ నాలుగు పేజీలే సరిపోయాయనిపిస్తుంది గాని, ఆ వారం నాకు నిద్ర పట్టలేదు.

మిగతా పనులు చెప్పినట్లే జరిగాయి. ఢిల్లీలోని రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ సంస్థ నుంచి 978తో మొదలయ్యే పదమూడంకెల ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే సంఖ్య, మా పేరు మీదే, ఉచితంగానే తెప్పించారు. దానికి వేలు వసూలు చేసేవాళ్లు ఉన్నారని జాగ్రత్త చెప్పారు. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి పంపించి రసీదులు నాకిచ్చారు. పని పూర్తయ్యాక పీడీఎఫ్‌తో పాటు డీటీపీలో వాడిన అను ఫాంట్ల ఫైలు, ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే దాని యూనికోడ్ పాఠం రెండూ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చారు. అనులో చేసినది యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు తారుమారయ్యే చోట్లన్నీ ఆయనే చదివి సరిచేశారు.

లోపాలు కూడా చెప్పాలి. జూన్‌కు ఇస్తామన్న పుస్తకం నవంబరులో వచ్చింది. జూన్, జూలైల్లో దుకాణాల పెట్టుబడి అంతా బడిపుస్తకాలకూ నోటుపుస్తకాలకూ పోతుంది కనుక అప్పుడు కథల పుస్తకం దింపకూడదన్న ఆయన మాట సబబే గాని, అసలు ఆలస్యానికి కారణం అది కాదు. మూడు ప్రూఫులూ ఆయన ఒక్కరే చదువుతారు, 68 ఏళ్ల కళ్లతో రోజుకు పది పేజీలకు మించి చదవరు. సహాయకుణ్ని పెట్టుకోవాలని గట్టిగా చెప్పాను. అంత జాగ్రత్తలోనూ 147వ పేజీలో ఒక పేరా రెండుసార్లు పడింది. లోపలి నాన్నగారి ఫొటో అదే కాగితం మీద వేయడంతో ముఖం నల్లబడింది. ఒక్క ఆకు ఆర్టు పేపరు వేయించి ఉంటే బాగుండేది. ముఖచిత్రం మరీ పాతకాలపు తీరులో ఉంది, యువ పాఠకులు చేతిలోకి తీసుకునేలా లేదు. ఆన్‌లైన్ అమ్మకం, ఈ-పుస్తకం ఆయన చేయరు. సాయంత్రం అయిదు దాటితే ఫోను ఎత్తరు. మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవారు ముందే ఫోను చేస్తే ఆయనే కిందికి వచ్చి మాట్లాడతారు.

పంపిణీలో ఆయన పాత అనుభవం బాగా పనికొచ్చింది. ఏ ఊళ్లో ఏ దుకాణం డబ్బు ఎప్పుడు ఇస్తుందో ఇప్పటికీ చెప్పగలరు. అయిదు దుకాణాలకు మించి ఇవ్వనివ్వలేదు, ఒక్కో చోటా పదేసి ప్రతులకు మించి పెట్టనివ్వలేదు. పుస్తకం వచ్చిన నెలకే, 2024 డిసెంబరులో, తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును నిలిపివేయడంతో నేరుగా పంపడం భారమై కొన్ని నెలలు అమ్మకం కుంటుపడింది. 2025 మేలో పుస్తకాల కోసం తపాలా శాఖ జ్ఞాన్ పోస్టు తెచ్చాక, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం కనుక, కవరుతో కలిపినా ఆ బరువు లోపే ఉండే మా పుస్తకానికి దారి తెరుచుకుంది. మూడు నెలలకోసారి ఆయన చేతిరాతతో లెక్క వస్తుంది: దుకాణాల వారీగా ఇచ్చినవి, అమ్ముడైనవి, తిరిగొచ్చినవి, రావలసిన సొమ్ము. మొన్నటి లెక్క ప్రకారం 400లో 262 ప్రతులు కదిలాయి.

తప్పుల పట్టిక మరొకటి ఆయన దగ్గర నడుస్తోంది. పాఠకులు ఎత్తి చూపిన ప్రతి తప్పునూ పేజీ సంఖ్యతో అందులో రాస్తారు. 147వ పేజీ గురించి నేను నొచ్చుకుంటే, గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని తిరగరాసి 1909లో మళ్లీ తెచ్చారనీ, తొలి ముద్రణతో పని అయిపోయిందనుకోవద్దనీ అన్నారు. గత నెల కథానిలయం నుంచి మరో కబురు వచ్చింది. నాన్నగారు మారుపేరుతో రాసిన పంతొమ్మిదో కథ ఒక మాసపత్రికలో కనిపించింది. చేతివ్రాత ప్రతి మా దగ్గర లేదు కనుక రచన నాన్నగారిదేనని రుజువు చేసుకోవడానికి ఆ మారుపేరు ఎక్కడైనా నాన్నగారి ఉత్తరాల్లో ఉందేమో చూడమని ఈ పెద్దాయన అన్నారు. ఇంట్లో ఉన్న రెండు ట్రంకు పెట్టెల్లో ఒకటి వెతకడం పూర్తయింది. రెండో ముద్రణకు ఎన్ని ప్రతులు వేద్దామని అడిగితే, ఆ 138 కదలనివ్వండి, అప్పుడు 250 వేద్దామన్నారు.